బావా, గోదాములు నిండే ఉన్నాయి

ఖుర్సీపార్, భిలాయి
2024 నవంబరు 3, ఆదివారం

బావా,

నీ మెసేజీకి ఫోన్లోనే జవాబు చెబుదామని నాలుగుసార్లు ఫోను తీసి మళ్ళీ పక్కన పెట్టేశాను. ఇక్కడ పొద్దు పొడిచేసరికి నీకక్కడ పడుకునే వేళ. రెండు నిమిషాల్లో తేలే మాటా కాదిది. అందుకని ఎన్నో ఏళ్ళ తర్వాత కాగితం, పెన్ను తీసుకున్నాను. చిన్నప్పుడు పాలకొండ తాతకి అమ్మ చెబుతుంటే నేను ఉత్తరాలు రాసేవాణ్ణి, నువ్వు పక్కన కూర్చుని నా దస్తూరీకి వంకలు పెట్టేవాడివి. ఇప్పుడూ పెట్టుకో. చదవడం మాత్రం ఆసాంతం చదువు.

"బియ్యం ఎగుమతి నిషేధం ఎత్తేశారట, ఇక్కడ సోనా మసూరీ ధర దిగుతోంది, ఇంక మన దేశంలో తిండికి లోటు లేనట్టే కదా" అన్నావు. నిషేధం ఎత్తేసిన మాట నిజమే, సెప్టెంబరు 28న ఎత్తేశారు. పోయినేడు జూలై 20న అది పెట్టిన మర్నాడు నువ్వు న్యూజెర్సీలో షాపు ముందు వరసలో నిలబడి చేసిన ఫోను నాకింకా గుర్తే. మనిషికి ఒక్క బస్తాయే ఇస్తున్నారని చెబుతుంటే నీ గొంతు వణికింది. అరవై దగ్గరపడుతున్నవాడివి, నీకు డబ్బుకి కొదవ లేదు, అయినా అన్నం దొరకదేమోనన్న భయం అంత తొందరగా గొంతులోకి వచ్చేసింది. నువ్వు దాచుకోలేదు, నేనూ మర్చిపోలేదు. మన అమ్మలూ నాయినలూ ఆ భయంతోనే కదా రైలెక్కి ఈ ఊరొచ్చింది.

అప్పుడు నిషేధం ఎందుకు పెట్టారో నీకు తెలిసే ఉంటుంది. ఎల్ నినో ఏడు. నిషేధం పెట్టిన మరుసటి నెల, 2023 ఆగస్టు, లెక్కలు రాయడం మొదలైన 1901 నుంచీ దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. ప్రపంచంలో అమ్ముడయ్యే బియ్యంలో నలభై శాతం దాకా మనవే. మన ఊళ్ళలో ఒక్క నెల మబ్బు పట్టకపోతే సెనెగల్‌లో, బెనిన్‌లో కూలివాడి ఎసరు మీద దెబ్బ పడుతుంది. ఆ నెలలో ప్రపంచ బియ్యం ధరలు పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంత పైకి పోయాయి. నీకు బస్తా కరువైంది, వాళ్ళకి పూట కరువైంది.

నన్ను ఆపేసింది నీ చివరి మాట. తిండికి లోటు లేనట్టే అన్నావు. గోదాములు నిండే ఉన్నాయి బావా, ఆ మాటకి నేను కాదనను. నిరుడు దేశం మొత్తం మీద పండిన తిండిగింజలు 33 కోట్ల టన్నుల పైమాటే. కానీ దేశంలో బియ్యం ఉండటం ఒకటి, ఇంట్లో బియ్యం ఉండటం ఇంకొకటి. కరువు వచ్చిన ఏడు ఆ రెంటికీ మధ్య ఎంత దూరం పెరుగుతుందో నాకు ఈ ఖుర్సీపార్‌లోనే, మా వీధి చివరే, ఒక మనిషి చూపించింది.

మా జోన్‌-2 బజార్లో ఆకుకూరలు అమ్మే ఒకావిడ ఉంది. ఛత్తీస్‌గఢీ ఆవిడ, బాలోద్ జిల్లా గుండర్‌దేహీ వైపు పల్లె. మా ఆవిడ రోజూ ఆవిడ దగ్గరే లాల్ భాజీ, చేంచ్ భాజీ కొంటుంది. వాళ్ళిద్దరి మాటలూ సగం తెలుగు, సగం ఛత్తీస్‌గఢీ. 2017 దాకా ఆవిడకీ మొగుడికీ రెండెకరాల సొంత భూమి సాగులో ఉండేది. ఆ ఏడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో 21 జిల్లాల్లో 96 తహసీళ్ళని కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. అంతకు రెండేళ్ళ ముందు 2015లో అంతకంటే పెద్ద కరువు. రెండు దెబ్బలూ కలిసి వాళ్ళ చేతి గాజుల దగ్గర్నుంచి దుక్కిటెద్దుల దాకా పట్టుకుపోయాయి.

నువ్వు అడగొచ్చు, ఇక్కడ వానకేం తక్కువని. తక్కువ లేదు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. అనంతపురానికి పడే వానకి ఇది దాదాపు రెట్టింపు. అయినా కరువే. ఇక్కడి సేద్యంలో బియాసీ అని ఒక పని ఉంది, ఇన్నేళ్ళు ఇక్కడ బతికి నేనూ ఆవిడ నోటి నుంచే దాని సంగతి తెలుసుకున్నాను. జూన్‌లో పొడి నేల మీద విత్తనం వెదజల్లేస్తారు. నెలా ఐదు రోజులకి మడిలో జానెడు నీరు నిలిచినప్పుడు, మొలిచి ఉన్న పైరులోనే నాగలి పెట్టి దున్నుతారు. ఒత్తుగా ఉన్న మొక్క పలచబడుతుంది, కలుపు మునిగి చస్తుంది, మిగిలిన మొక్క పిలకలేస్తుంది. ఆ వారం పది రోజుల్లో నీరు నిలవకపోతే నాగలి పెట్టలేరు. ఆ తర్వాత ఎంత వాన పడితే ఏం లాభం? మడినిండా కలుపే. మళ్ళీ ఆశ్వయుజంలో కంకి పాలు పోసుకునే వేళ ఒక్క వాన తప్పితే గింజ తాలు. ఏడాది మొత్తం వానని కూడి, భాగించి, సగటు తీస్తే ఈ రెండు వారాలూ ఎక్కడా కనబడవు. కరువు కూర్చునేది ఆ రెండు వారాల్లోనే.

ఆవిడ చెప్పిన ఇంకో మాట రాస్తాను. 2017లో వాళ్ళ ఊళ్ళో బియ్యం దొరక్క ఎవరూ ఊరు వదల్లేదట. కొట్టులో బియ్యం ఉన్నాయి, రేషన్ బియ్యమూ వచ్చాయి. నాట్లు లేవు, కలుపుతీత లేదు, కోత లేదు. కూలి లేదు. పప్పుకి, నూనెకి, మందుకి, అప్పు వడ్డీకి చేతిలో రూపాయి లేదు. అందుకని వచ్చేశారు.

ఈ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు బావా. మా నాయిన కథ అక్షరం పొల్లుపోకుండా ఇదే. పాలకొండ సంతలో ఆనాడు బియ్యం బస్తాలు లేకపోలేదు. చెరువు ఎండింది, కంబారీ పని, అదే పాలేరుతనం, పోయింది, షావుకారు అప్పు ఇవ్వనన్నాడు. ఇంట్లో సోళ్ళ అంబలి కూడా ఒక పూటే అయ్యేసరికి, భిలాయిలో రష్యావాళ్ళ సాయంతో ఇనుము ఫ్యాక్టరీ కడుతున్నారని ఎవరో చెబితే రాయగడ మీదుగా వచ్చేశాడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన నాటికి ఆయన మట్టి తట్టలు మోస్తున్నాడు. మీ నాయినా అంతే. ఈ ఖుర్సీపార్‌లో ఏ తెలుగు గడప తొక్కినా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇలాంటి కథే వినిపిస్తుంది.

అమర్త్యసేన్ 1981లో రాసిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' పుస్తకంలో 1943 బెంగాల్ కరువుని విప్పి చూపించింది ఇదే. తిండి లేక కాదు, తిండిని అందుకునే దారి తెగిపోయి జనం చచ్చిపోయారని. మన పెద్దాళ్ళు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 కరువు ఇంకా ఘోరం. మద్రాసు రాజధానిలో లక్షలమంది రాలిపోతుంటే రేవుల్లోంచి గింజలు ఇంగ్లండుకి ఓడలెక్కాయి. సహాయపు పనుల్లో రోజంతా చాకిరీ చేసినవాడికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కట్టిన కూలి ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, పైన చిల్లర. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం ఆ ఆకలి చేతులతో తవ్వించిందే.

స్వతంత్రం వచ్చాక అంతటి చావులు మళ్ళీ చూడలేదు. ఆ గొప్ప చిన్నది కాదు. మనం పుట్టిన 1965లో, ఆ మరుసటేడూ వరసగా వానలు తప్పితే అమెరికా గోధుమ ఓడ రేవుకి వస్తే గాని పొయ్యి వెలగని రోజులు. భారత ఆహార సంస్థ 1965లోనే పుట్టింది. అక్కణ్ణుంచి రేషను, 1983లో మన వైపు రామారావు గారి కిలో రెండు రూపాయల బియ్యం. నువ్వు ఈ ఊరు వదిలాక ఛత్తీస్‌గఢ్ చేసిన పని మాత్రం నీకు తెలియదు. 2004లో రేషన్ షాపులు ప్రైవేటు డీలర్ల చేతుల్లోంచి తీసి పంచాయతీలకీ, సహకార సంఘాలకీ, ఆడవాళ్ళ పొదుపు సంఘాలకీ ఇచ్చారు. 2012లో, దిల్లీ కంటే ముందే, ఆహార భద్రత చట్టం చేశారు. ఆ చట్టం లేకపోతే 2015లో ఈ రాష్ట్రం ఎలా ఉండేదో ఊహించను కూడా ఊహించలేను.

కానీ ఆ బియ్యం చేతికందడం కూడా చూడాలి నువ్వు. మొన్న మా ఆవిడ ఆ ఆకుకూరలావిడకి తోడుగా రేషన్ షాపుకి వెళ్తూ నన్నూ రమ్మంది. మిషను మీద వేలు పెట్టమన్నారు. పెట్టింది. ఎర్ర దీపం. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపమే. ఇరవై ఏళ్ళు వరి మడిలో, ఏడేళ్ళు తడి ఆకుకూర కట్టల మధ్య నానిన బొటనవేలు అది, గీతలు అరిగిపోయాయి. ఎవరో కొబ్బరినూనె సీసా అందించారు. నూనె రాసి, ఊది, ఇంకో వేలు పెట్టింది. ఐదోసారికి పచ్చ దీపం వెలిగితే ఆవిడ ఏమీ అనలేదు. సంచి మూతి రెండు చేతులా విప్పి పట్టుకుని తూకం ముల్లు వైపే చూస్తూ నిలబడింది. గింజ కింద పడితే వంగి ఏరుకుంది. నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ రోజూ ఎసట్లో పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది కదా, మనం అడిగితే "వాన్దేవుడికి" అనేది.

నీళ్ళ సంగతి నేను రాయకపోతే ఎవరు రాస్తారు? ముప్పై ఏళ్ళు భిలాయి ఉక్కు ప్లాంటు నీటి సరఫరాలో చేసినవాణ్ణి, వచ్చే ఏడాది దిగిపోతున్నాను. మన చిన్నప్పుడు ఈత కొట్టిన మరోదా చెరువులోకి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయో అప్పుడు మనకి తెలియదు. తాండులా, గోండ్లీ, ఖర్‌ఖరా జలాశయాలు, ఇవి చాలకపోతే మహానది మీది గంగ్రేల్. తాండులా వందేళ్ళ కిందటిది. 1899-1900 నాటి మహా కరువు తర్వాత, మళ్ళీ జనం అలా చావకూడదని పొలాల కోసం తలపెట్టిన చెరువుల్లో అది పెద్దది. ఆ నీళ్ళే ఇప్పుడు కొలిమిని చల్లబరుస్తాయి, మన టౌన్‌షిప్ కుళాయిల్లో పారతాయి. వానలు వెనకబడిన ఏడు తాగునీటికి ఇంత, ప్లాంటుకి ఇంత అని పక్కన పెట్టాకే వేసవి పంట మాట ఎత్తుతారు. 2017లో వేసవి వరి వెయ్యొద్దని చెప్పేశారు. ప్లాంటు మనకి అన్నం పెట్టింది, దాన్ని ఆపమని నేననను. వాడిన నీటినే శుద్ధి చేసి మళ్ళీ మళ్ళీ తిప్పితే చెరువులో మిగిలే ప్రతి బిందే ఏదో ఒక మడికి పారుతుంది. పట్టణం మురుగునీరు కూడా అంతే. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను గట్టిగా నమ్మిన సంగతి ఇదొక్కటే.

ఇంకో దిగులు విత్తనం గురించి. ఇది కొంచెం పెద్దగా రాయాలి. డాక్టర్ రిఛారియా అని ఒక వరి శాస్త్రవేత్త ఉండేవారు. కటక్ వరి పరిశోధన సంస్థకి డైరెక్టరుగా చేసి, 1970లలో రాయపూర్‌లో ఉండి, ఊరూరా తిరిగి దాదాపు 19,000 వరి రకాలు సేకరించారు. గట్టు నేలకి ఒకటి, లోతు మడికి ఒకటి, అరవై రోజుల్లో చేతికొచ్చేది ఒకటి, నీరు లేకపోయినా వారం పదిరోజులు ఓర్చుకునేది ఒకటి. ఆ గింజలు ఇప్పుడు రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం చల్లని గదుల్లో ఉన్నాయి. 2002లో వాటి విషయమై సింజెంటా కంపెనీతో ఒప్పందం మాటలు నడిస్తే జనం రోడ్డెక్కి ఆపారు. మంచి పని చేశారు. కానీ గదిలో గింజ భద్రంగా ఉంటే పొలంలో ఏముంది? స్వర్ణ, ఎం.టి.యు. 1010. రెండూ మన పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టినవే. కాటన్‌దొర సన్నాలని మనం పిలుచుకునే 1010 నాలుగు నెలల్లో చేతికొస్తుంది. స్వర్ణకి ఐదు నెలలు. గోదావరి కాలువ కింద పుట్టిన ఆ పిల్లని తెచ్చి వాన మీద ఆధారపడ్డ మడిలో నిలబెడితే, ఆశ్వయుజంలో వాన తప్పినప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుంది?

మెట్ట నేలల్లో, ఇక్కడివాళ్ళు భాఠా అనే ఆ ఎర్ర గరప నేలల్లో, ఒకప్పుడు కోదో, కుట్కీ వేసేవారు. మన అరికెలు, సామలు. ఇప్పుడు అక్కడా గట్లు వేసి వరే వేస్తున్నారు. రైతుని తప్పు పట్టను. ఈ నెల 14న కొనుగోలు మొదలవుతుంది, క్వింటాలుకి 3,100 రూపాయలు, ఎకరానికి 21 క్వింటాళ్ళ దాకా ప్రభుత్వమే కొంటుంది. అంత ధర, అంత ఖాయంగా కొనే చెయ్యి ఇంకే పంటకీ లేదు. 2021లో చిరుధాన్యాల మిషన్ పెట్టి కోదో, కుట్కీలకీ మద్దతు ధర కట్టారు. మంచిదే, కానీ వరికి దొరికినంత భరోసా వాటికి దొరికేదాకా ఎవరు వేస్తారు? రాష్ట్రమంతా ఒకే పంట మీద, ఒకే కాలపు వాన మీద నిలబడి ఉంది. ఇది నాకు భయంగా ఉంది. కరువుని తట్టుకునే పంటలు లేకపోతే జనం దేనికి దిగజారతారో ఈ నేలకి పాత అనుభవం. వరి కోతకి ముందే తడి మడిలో చల్లే తివరా పప్పు ఎంత బెట్టనైనా ఓర్చుకుంటుంది. కరువు రోజుల్లో అదొక్కటే తిని నెలలు గడిపిన కూలీలకి కాళ్ళు చచ్చుబడిపోయేవి. బతికించిన గింజే కుంటివాళ్ళని చేసింది.

కడుపు నిండటం, ఒంటికి పట్టడం కూడా ఒకటి కాదు కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం చాలదు. బియ్యం మిగులు దేశంలో ఈ లెక్క. ఉచిత బియ్యంతో పాటు పప్పు, గుడ్డు, ఆకుకూర పళ్ళెంలోకి రాకపోతే ఈ అంకె కదలదు. ఆకుకూరలమ్మే ఆవిడ తన ఇంటికి మిగిలిపోయిన వాడిన కట్టలే పట్టుకెళ్తుంది, మంచివి అమ్ముతుంది.

సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖకి వందేభారత్ వేశారు. దసరాకి ఆ బండిలోనే ఊరెళ్ళాను. ఏసీ పెట్టె, అద్దాల కిటికీ, హాయిగానే ఉంది. కాంటాబాంజీ స్టేషన్లో ఆగినప్పుడు అవతలి ప్లాట్‌ఫారం మీద జనం కనిపించారు. మూటలు, సత్తు గిన్నెలు, చంకన పిల్లలు. మన తెలంగాణ వైపు ఇటుక బట్టీలకి ఏటా వెళ్ళే బలాంగీర్ కూలీలు ఎక్కే స్టేషనే అది. ఒక పిల్లాడు గిన్నెలో చద్దన్నం తింటున్నాడు. ఇక్కడివాళ్ళు దాన్నే బాసీ అంటారు, మనం తరవాణి అన్నం అంటాం. బండి కదిలేదాకా వాణ్ణే చూశాను. రేషన్ కార్డు ఒడిశాలో, మనుషులు బట్టీ దగ్గర. ఒకే దేశం ఒకే కార్డు పద్ధతి 2019లో ఆంధ్రా, తెలంగాణల మధ్యా, ఇంకో రెండు రాష్ట్రాల మధ్యా ముందు మొదలుపెట్టి ఇప్పుడు దేశమంతా పెట్టారు, చట్టప్రకారం వాళ్ళకి ఎక్కడైనా బియ్యం ఇవ్వాలి. పొద్దు పొడవక ముందు నుంచీ పొద్దు గుంకేదాకా ఇటుక కోసే తల్లి షాపుకి ఎప్పుడు వెళ్తుంది, ఆవిడ వేలు మిషను మీద పలుకుతుందా, ఇవి చూసేవాళ్ళు కావాలి.

అందుకే కరువు మందుల్లో నేను పనినే ముందు పెడతాను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలుపెట్టింది ఊరికే కాదు. కరువు ప్రకటించిన చోట వంద రోజుల మీద ఇంకో యాభై రోజుల పని ఇవ్వొచ్చు. ఆ పని, ఆ కూలి సకాలంలో చేతిలో పడితే మనుషులు ఊరు వదలరు. చెరువూ పూడిక తీస్తారు. కూలి మూడు నెలలు ఆలస్యమైతే కాంటాబాంజీ ప్లాట్‌ఫారం నిండుతుంది.

ఇంత రాశాక ఒక కోరిక కోరతాను, కాదనకు. సంక్రాంతికి వస్తానన్నావు. ఈసారి భోగి జనవరి 13న. అదే రోజు పుష్య పౌర్ణమి, ఇక్కడివాళ్ళకి ఛేర్‌ఛేరా పండగ. కొత్త ధాన్యం ఇంటికొచ్చాక పిల్లలూ పెద్దలూ గడపగడపకీ వెళ్ళి ధాన్యం అడుగుతారు, లేదనకుండా ఎవరికి తోచినంత వాళ్ళు పెడతారు. ఆకుకూరలావిడ ఊళ్ళో రామ్‌కోఠీ ఇంకా ఉందట. ఊరందరి ధాన్యం పోసుకునే ఉమ్మడి గాదె అది. కోతలయ్యాక తలా కాస్త పోస్తారు, చెడ్డ ఏడాదిలో లేనివాడు తీసుకుని పండినప్పుడు కాస్త కలిపి తిరిగి పోస్తాడు. 2015, 2017 తర్వాత అది సగం కూడా నిండలేదని ఆవిడ అంది. మన బ్యాచ్ వాళ్ళు ఏదైనా మంచి పనికి డబ్బు పోగేస్తున్నారని నువ్వే అన్నావు. ఆ డబ్బుతో ధాన్యం కొందాం. ఆ నేలకి పనికొచ్చే అరికెల విత్తనం కూడా కొంచెం కొందాం.

భోగి మంట ఇక్కడ తెల్లవారుజామునే అయిపోతుంది. తర్వాత బండి మీద బయల్దేరితే పదింటికల్లా ఆ ఊళ్ళో ఉంటాం. చెరో బస్తా రామ్‌కోఠీలో పోసి, ఆవిడ వాళ్ళ ఇంట్లో బాసీ తిని వద్దాం. ధాన్యం కోతల్లో అయితే చవగ్గా దొరుకుతుంది. నీ వంతు ఇప్పుడే కొని ఉంచమంటావా? వెంటనే రాయి.

నీ బావ